రెండో తుమ్ము

ఆ రోజుల్లో నేను నిలబడి నిద్రపోగలిగేవాణ్ణి. గొప్ప చెప్పుకోవడానికి అనడం లేదు. ఐర్లండ్ ప్రభుత్వాసుపత్రుల్లో చిన్న డాక్టర్లుగా చేరిన మనవాళ్ళలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. లిఫ్టు మూడో అంతస్తు చేరేలోపు ఓ కునుకు, కెటిల్లో నీళ్ళు మరిగేలోపు ఇంకో కునుకు. అప్పటికే నాకు పెళ్ళై, కూతురు పుట్టి, నెత్తిమీద జుట్టు పలచబడుతున్నా ఆసుపత్రి లెక్కలో మాత్రం నేనింకా జూనియర్నే. జూనియర్ అంటే ఆర్నెల్లకోసారి ఊరు మారేవాడని అర్థం. జనవరిలో ఓ ఊరు, జూలైలో ఇంకో ఊరు. అట్టపెట్టెల్లోంచి గిన్నెలు తీసి ప్రెస్సులో సర్దేసరికి (ఇక్కడ గోడబీరువాని ప్రెస్సు అంటారు, మా అత్తగారు మొదట్లో ఆ మాట విని మేం ఇస్త్రీ చేసే చోట గిన్నెలు పెట్టుకుంటున్నామని బెంగపడ్డారు) లీజు అయిపోయేది, మళ్ళీ పెట్టెలు కట్టేవాళ్ళం. అంత అలసటలో మనిషికి బుద్ధి సరిగ్గా పనిచేయదు. ఇప్పుడు చెప్పబోయే సంగతికి అంతకన్నా మంచి సంజాయిషీ నా దగ్గర లేదు.

ఈ తిరుగుళ్ళలో నిజంగా నష్టపోయింది మా బుడ్డది. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. టాలా అనే ఊళ్ళో ఉన్నప్పుడు దానికో స్నేహితురాలుండేది. ఇద్దరూ లువాస్ ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చుని స్టేషన్ల పేర్లు ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్ళు. తర్వాత వేరే ఊరు మారాం. "అక్కడ కొత్త ఫ్రెండ్స్ అవుతార్లే తల్లీ" అన్నాను. "అవుతారా?" అంది. అయ్యారు కూడా, సరిగ్గా పెట్టెలు కట్టే నెలకి. మూడో ఊరుగా కార్క్ వచ్చి, ఊరికి పడమరగా బాలింకాలిగ్‌లో ఇల్లు తీసుకున్నాం. మళ్ళీ అదే మాట అన్నాను. ఈసారి అది "అవుతారా?" అని కూడా అడగలేదు. సరేనని తలూపి బొమ్మల పెట్టె తనే కట్టుకుంది. బళ్ళో టీచరు "షీ ఈజ్ వెరీ క్వయట్, బట్ షీ ఈజ్ గ్రాండ్" అన్నారు. గ్రాండ్ అంటే ఇక్కడ ఘనంగా ఉందని కాదు. ఏదో, కులాసాగానే ఉంది, మీరు కంగారుపడకండి అని. ఆ గ్రాండ్‌గా ఉన్న పిల్ల విరామం వేళల్లో గోడకి ఆనుకుని ఒక్కతే నించుంటుందని తర్వాత తెలిసింది.

అలాంటిది ఓ సాయంత్రం వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి వంటింటిదాకా ఆపకుండా మాట్లాడుతూ వచ్చింది. తరగతిలో ఓ పిల్ల ఉందట. మొహమంతా గోధుమరంగు చుక్కలు, ముందు పన్ను లేదు, ఈలవేస్తే వీధి చివరికి వినిపిస్తుందట. (మా అత్తగారు అప్పటికప్పుడు ఆ అమ్మాయికి 'చుక్కల పిల్ల' అని పేరు పెట్టేశారు. ఈనాటికీ మా ఇంట్లో ఆ పిల్లకి వేరే పేరు లేదు.) ఆ పిల్ల తండ్రి కొన్నాళ్ళు అమెరికాలో ఉండి వచ్చాడట, అందుకని పిల్లని బేస్‌బాల్‌లో చేర్పిస్తున్నాడట. మిగతా పిల్లలంతా నడక వచ్చినప్పట్నుంచీ ఈ దేశపు ఆటలు ఆడుతున్నవాళ్ళు. వాళ్ళ మధ్య మా బుడ్డది కొత్తగా దూరలేదు. బేస్‌బాల్ అయితే ఎవరికీ ఏమీ రాదు కాబట్టి అందరూ సమానమేనని చుక్కల పిల్ల సిద్ధాంతం. నాకు సబబుగానే తోచింది. "వియ్ హావ్ టు బీ పార్ట్‌నర్స్, లైక్" అంది బుడ్డది. బంతి విసిరి పట్టడానికి ఇద్దరిద్దరు జతలుంటారట. ఇది చేరకపోతే ఆ పిల్ల ఇంకెవరితోనో జత కడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో అది చెప్పలేదు. ఎనిమిదేళ్ళకే దానికి ఆ అనుభవం రెండుసార్లు అయింది.

ఆ క్లబ్బులో పిల్లల పేర్లు నమోదు చేసుకోవడం శనివారం పొద్దున తొమ్మిదింటికి మొదలన్నారు, ఆన్‌లైన్‌లో. నేను నవ్వాను. ఐర్లండులో బేస్‌బాల్ కోసం ఎగబడేదెవరు? తీరిగ్గా మధ్యాహ్నం లేచి చేద్దామన్నాను. బుడ్డది ఒప్పుకోలేదు. శనివారం నేను నైట్ డ్యూటీ దిగి, వానలో కారు నడుపుకుంటూ ఇంటికొచ్చేసరికి అది లాప్‌టాప్ తెరిచి, ఆటల బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుని మరీ కూర్చునుంది. నమోదుకి బూట్లెందుకని నేను అడగలేదు. మా ఆవిడ మేడమీద ఆఫీసు కాల్‌లో ఉంది. ఆ రోజు వాళ్ళ సాఫ్ట్‌వేర్ విడుదల. సాఫ్ట్‌వేరయితే ఎప్పటికో ఒకప్పటికి విడుదలవుతుంది గాని ఆవిడకి విడుదల ఉండదు. కింద ఉన్నది నేనూ, బుడ్డదీ, వంటింట్లో ఉప్మా చేస్తున్న మా అత్తగారూ.

ఇక్కడ మా అత్తగారి గురించి ఓ మాట చెప్పాలి. ఆవిడ మా ఇద్దరి డ్యూటీల మధ్య పిల్ల నలిగిపోతోందని గోదావరి జిల్లా నుంచి సాయం వచ్చారు. ఆవిడది పాతకాలపు మర్యాద. అల్లుడితో ఎదురుపడి మాట్లాడరు. మా పెళ్ళయినప్పట్నుంచీ ఆవిడ నాతో నేరుగా ఒక్క ముక్క అనలేదు. ఏం చెప్పాలన్నా మధ్యలో మనిషి ఉండాలి. కూతురుంటే కూతురు, మనవరాలుంటే మనవరాలు, ఎవరూ లేకపోతే ఏదో ఒక వస్తువు. "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కోవాలి" అని ఫ్రిజ్జుకేసి చూసి అన్న రోజులున్నాయి. నేనూ ఫ్రిజ్జుకే జవాబు చెప్పేవాణ్ణి. మాకిద్దరికీ అది బాగానే అలవాటైపోయింది.

తొమ్మిదయింది. పేరూ, వయసూ, చిరునామా అన్నీ కొట్టాను. చివరి బటన్ ఒక్కటీ మిగిలింది. బుడ్డది నా భుజం మీద గడ్డం ఆనించి ఊపిరి బిగబట్టింది. నేను వేలెత్తాను. సరిగ్గా అప్పుడు వంటింట్లోంచి "హాఛ్చ్!" అని వినిపించింది. ఒక్కటే. ఉప్మా కలుపుతున్న గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది.

"అల్లుడుగార్ని ఆగమనవే తల్లీ! ఒంటి తుమ్ము!" అన్నారు అత్తగారు గుమ్మంలోకి వచ్చి.

"డాడ్, అమ్మమ్మ సేస్ స్టాప్" అంది బుడ్డది.

"ముక్కులో పోపు ఘాటు దూరితే ఎవరికైనా తుమ్ము వస్తుందని చెప్పు అమ్మమ్మకి" అన్నాను.

"షీ కెన్ హియర్ యూ, డాడ్."

"అల్లుడుగారు డాక్టరు, ఆయనకి తెలియదని నేనన్లేదని చెప్పవే. కాపోతే పిల్ల మొదటిసారి నలుగుర్లో పడుతోంది. ఒంటి తుమ్ముతో మొదలుపెట్టొద్దని చెప్పు. ఇంకోటి వస్తే జంటవుతుంది, అప్పుడు దివ్యంగా ఉంటుంది. ఒక్క క్షణం ఓపిక పట్టమను."

ఇదంతా బుడ్డది ఇంగ్లీషులోకి మార్చి, తనకి తోచిన చోట లైక్ అని చేర్చి, తాపీగా నాకు చెప్పింది. నేను విసుక్కుని నొక్కేసేవాణ్ణే. కాని తలతిప్పి దాని మొహం చూశాను. భయపడుతోంది. తుమ్ముకి కాదు. ఇది కూడా చెడిపోతుందేమో, మళ్ళీ గోడ పక్కన నించోవాలేమో అని. చిన్నప్పుడు నా మొదటి పరీక్షకి మా నాన్నగారు ఒంటి తుమ్ముకి గడప దగ్గర నన్ను ఆపి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. (ఆ పరీక్ష ప్యాసయ్యాను, కాబట్టి శాస్త్రీయంగా కూడా దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.) మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. ఒక్క క్షణమేగా.

అసలు కాసిని మంచినీళ్ళు తాగి లేస్తే సరిపోయేది. కాని తుమ్మింది తనే కావడంతో అత్తగారికి ప్రాణం కుదుటపడలేదు. మనవరాలి పనికి తన ముక్కే అడ్డొచ్చిందని ఆవిడ బాధ. రెండో తుమ్ము తనే తెచ్చి తీరాలని పట్టుబట్టారు. ప్రెస్సులో మిరియాల పొడి వెతికించి, అరచేతిలో పోసుకుని పీల్చారు. దగ్గు వచ్చింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, తుమ్ము రాలేదు. దీపారాధన వత్తి ఒకటి సన్నగా పేని ముక్కులో తిప్పారు. ముక్కు ఎర్రబడింది. సూర్యుణ్ణి చూస్తే తుమ్ము వస్తుందని కిటికీ దగ్గరికి వెళ్ళారు. శీతాకాలం చివర్లో కార్క్‌లో సూర్యుడెక్కడ? బూడిదరంగు ఆకాశం కేసి నోరు తెరుచుకుని నించున్నారు. పక్కన మనవరాలు "కమాన్ అమ్మమ్మా, యూ కెన్ డూ ఇట్" అని చప్పట్లు కొడుతూ నించుంది. ఇంతసేపూ నేనేం చేస్తున్నానంటే, చెప్పానుగా, ఆ రోజుల్లో నాకు కెటిల్ మరిగేంత వ్యవధి చాలు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయాను.

బుడ్డది నన్ను కుదిపి లేపింది. "డాడ్. ఇట్స్ గాన్ రెడ్." తెరమీద ఎర్ర అక్షరాలు. ఖాళీలు అయిపోయాయి, కావాలంటే వెయిటింగ్ లిస్టులో ఉండండి అని. ఆడేవాళ్ళు ఎక్కువై కాదు. నేర్పేవాళ్ళు తక్కువై కొద్దిమందినే తీసుకుంటారని తర్వాత తెలిసింది. నేను ఆ ఎర్ర అక్షరాల కేసి చూస్తూండగా కిటికీ దగ్గర్నుంచి తుమ్ము వినిపించింది. జంట కుదిరిందని అత్తగారు ఆనందంగా వెనక్కి తిరిగేలోపే ఇంకోటి వచ్చింది. మళ్ళీ బేసి.

మా ఆవిడ మేడ దిగి వచ్చి మిరియాల పొడినీ, వత్తినీ, తల్లి ఎర్ర ముక్కునీ, నన్నూ వరసగా చూసింది. "అసలు మీరు డాక్టరేనా అండీ?" అంది. బుడ్డది ఏడవలేదు. కిందకి వంగి బూట్ల లేసులు విప్పుకుని, రెండు బూట్లూ జతగా పట్టుకెళ్ళి ప్రెస్సులో అడుగు అరలో పెట్టి, తలుపు మెల్లిగా వేసింది. ఏడ్చి గోల చేసుంటే బాగుండేది. ఆ మధ్యాహ్నం అత్తగారు అన్నం తినలేదు. "ఆకలి లేదని చెప్పవే" అని ఆ మాట కూడా ఫ్రిజ్జుకే అన్నారు.

సాయంత్రం ఆ క్లబ్బు కోచ్‌కి ఫోన్ చేశాను. ఎర్రగడ్డం, నిదానమైన గొంతు. (గడ్డం తర్వాత చూశాను గాని, నా జ్ఞాపకంలో ఫోన్లో కూడా ఆయనకి ఎర్రగడ్డమే ఉంటుంది.) ఎవరైనా మానేస్తే మాకు చెబుతారా అని అడిగాను. "ఐ విల్, యా" అన్నాడాయన. నేను ఫోన్ పెట్టేసి చెబుతానన్నాడని ఇంట్లో చాటించాను. అత్తగారు దీపం పెట్టారు. బుడ్డది ప్రెస్సు తెరిచి బూట్లకేసి ఓసారి చూసుకుంది.

సోమవారం వార్డులో ఈ మాట మా పెద్ద నర్సుకి చెప్పాను. ఆవిడ పుట్టి పెరిగింది కార్క్‌లోనే. చేతిలో ట్రే బల్లమీద పెట్టి మరీ నవ్వింది. ఈ ఊళ్ళో 'ఐ విల్, యా' అంటే చచ్చినా చెయ్యనని అర్థమట. నాకు వెంటనే అర్థమైపోయింది. ఇది మన 'చూద్దాంలెండి'. ఇంటికొచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్యకీ, చందాలవాళ్ళకీ మనం చెప్పే 'చూద్దాంలెండి'. "అయితే ఎలా అన్నాడు డాక్టర్? చటుక్కున అన్నాడా, సాగదీసి అన్నాడా?" అంది ఆవిడ. నిజంగానే చేస్తానన్నా ఇదే మాటట, రాగం మాత్రం వేరట. రెండు రకాలుగానూ అని చూపించింది. పక్క మంచం మీది పెద్దాయన ఆక్సిజన్ మాస్క్ తీసి మూడో రకం కూడా ఉందంటూ అదీ అని చూపించాడు. ఆయనకి మాస్క్ మళ్ళీ పెట్టి, ఆ కోచ్ ఏ రాగంలో అన్నాడో గుర్తుచేసుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. ఎంతకీ గుర్తు రాలేదు. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. దీపం వెలుగుతూనే ఉంది. ఆ వారమంతా ఫోన్ మోగినప్పుడల్లా మా బుడ్డది తల ఎత్తేది, నేను తల దించుకునేవాణ్ణి.

వారం చివర్లో కోచ్ ఫోన్ చేశాడు. నేను వార్డులో ఉన్నాను. చేస్తానన్నాను కదా, అందుకే చేశానన్నాడు. అంటే ఆయనది నిజం రాగమే. ఖాళీలేం రాలేదు గాని, శనివారాలు ఇంకో పెద్దమనిషి ఎవరైనా వచ్చి పిల్లల దగ్గర నిలబడితే మరికొందర్ని చేర్చుకోవచ్చట. అలా నిలబడేవాళ్ళ పిల్లకి మొదటి చోటట. మీరొచ్చి సాయం చేస్తారా అని అడిగాడు. పట్టరాని సంతోషంతో ఒక్క క్షణం కూడా ఆగకుండా "ఐ విల్, యా!" అన్నాను.

"ఆ, యూ ఆర్ గ్రాండ్, నో బాదర్" అన్నాడు చిన్నబోయిన గొంతుతో. ఫరవాలేదులెండి, మీకు వీలు కాదని అర్థమైంది అని. ఫోన్ పెట్టేయబోతున్నాడు.

"నో, నో! ఐ విల్! నిజంగా ఐ విల్! ఇది ఇండియన్ ఐ విల్!" అని అరిచాను. వార్డు మొత్తం ఇటు తిరిగింది. పెద్దాయన మాస్క్ తియ్యకుండానే బొటనవేలు ఎత్తి చూపించాడు.

అలా నేను బేస్‌బాల్ శిక్షకుణ్ణయ్యాను. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, నా మీద కేసులేం లేవని తేల్చాక శనివారాలు నైట్ డ్యూటీ దిగి నేరుగా మైదానానికి వెళ్ళేవాణ్ణి. నాకు తెలిసింది క్రికెట్టే. బంతి కొట్టాక బ్యాట్ చేతిలోనే పట్టుకుని పరిగెత్తి, గీత దగ్గర నేలకి ఆనించాలని నా దగ్గరున్న పిల్లలందరికీ శ్రద్ధగా నేర్పాను. ఎర్రగడ్డం కోచ్ వచ్చి ఎంతో మర్యాదగా, "మేం ఇక్కడ బ్యాట్ కింద పడేసి పరిగెత్తుతాం డాక్టర్" అన్నాడు. అప్పటికే పిల్లలకి బాగా వచ్చేసింది. మా అత్తగారు కూడా వెంట వచ్చేవారు. "అల్లుడుగారు నించున్న చోటే పడిపోతే పట్టుకోవడానికి ఒకళ్ళుండాలని చెప్పవే" అన్నారు. చీరమీద కూతురి పాత ఓవర్‌కోటు, తలకి మంకీ క్యాప్, కాళ్ళకి ఆటల బూట్లు వేసుకుని గట్టుమీద నించుని "పరిగెత్తండర్రా! చూస్తారేంటి!" అని కేకలేసేవారు. ఒక్కళ్ళకీ భాష రాదు, అయినా అందరూ పరిగెత్తేవాళ్ళు. నేను ఇంగ్లీషులో చెబితే మాత్రం 'వాట్?' అనేవాళ్ళు. రెండు వారాలకి ఆ పిల్లలందరికీ ఆవిడ అమ్మమ్మ అయిపోయారు. బుడ్డదీ చుక్కల పిల్లా జతగా బంతి విసురుకుంటూ ఉండేవారు. పట్టుకున్న బంతులు తక్కువ, వెతుక్కున్నవి ఎక్కువ. ఆ వెతుకులాటలోనే వాళ్ళ కబుర్లన్నీ నడిచేవి.

వసంతం వచ్చింది, గడ్డి పూసింది, అత్తగారికి తుమ్ములు ఎక్కువయ్యాయి. ఆవిడ ఒక్కసారి తుమ్మితే చాలు, బుడ్డది చేతిలో బంతి చేతిలోనే పట్టుకుని ఆగిపోయేది. ఆ సంగతి మొదట కనిపెట్టింది చుక్కల పిల్లే. తనూ ఆగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మిగతావాళ్ళు. నేను వద్దని చెప్పాలనుకున్నాను గాని, అప్పుడు కూడా కునుకులోనే ఉండుంటాను.

సీజన్ చివర్లో వేరే ఊరి పిల్లలతో పోటీ జరిగింది. చివరి విడత, రెండు జట్లూ సమానం. చుక్కల పిల్ల మూడో బేస్ మీద నించుని ఇంటిముఖం పట్టడానికి కాలు దువ్వుతోంది. (బ్యాట్ పట్టుకున్నవాళ్ళు నిలబడే చోటే ఈ ఆటలో ఇల్లు, అక్కడికి తిరిగొస్తేనే పరుగు.) బ్యాట్ మా బుడ్డది చేతికి వచ్చింది. అప్పటిదాకా ఒక్క పోటీలోనూ అది బంతిని తాకించలేదు. నాకు నిద్ర మొత్తం ఎగిరిపోయింది. అవతలి పిల్లవాడు చెయ్యి ఎత్తాడు. గట్టుమీంచి "హాఛ్చ్!"

బుడ్డది అరచెయ్యి పైకెత్తి పక్కకి జరిగింది. అంపైరు వంగి, ఏమైంది కన్నా అని అడిగాడు.

"మై అమ్మమ్మ స్నీజ్డ్."

"గాడ్ బ్లెస్ హర్" అన్నాడాయన.

"నో, షీ ఓన్లీ డిడ్ ఇట్ ద వన్స్, లైక్. వియ్ హావ్ టు వెయిట్ ఫర్ ద అదర్ వన్."

ఆయన మా జట్టుకేసి చూశాడు. మా పిల్లలంతా బొమ్మల్లా ఆగిపోయి ఉన్నారు. చుక్కల పిల్ల బేస్ మీంచి కాలు కదపలేదు. అవతలి జట్టు నోళ్ళు తెరిచింది. తల్లిదండ్రులందరూ మెడలు తిప్పి గట్టుమీది మంకీ క్యాప్‌కేసి చూశారు. పాపం అత్తగారు! ఆకాశంకేసి చూశారు, ముక్కు నలిపారు, కొంగుతో గీకారు. రాలేదు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఈ పిల్ల ఇంత కష్టపడి సంపాదించుకున్న నలుగురి ముందూ నవ్వులపాలైపోతుందేమోనని భయం వేసింది. అప్పుడు అంపైరు, ఆయనకీ పూల పుప్పొడి పడదనుకుంటాను, ఒక్కసారిగా మైదానం దద్దరిల్లేలా తుమ్మాడు.

ఇప్పుడు కొత్త ధర్మసందేహం. మొదటిది ఒకరిది, రెండోది ఇంకొకరిది. జంట అవుతుందా? మా పిల్లలందరూ తీర్పు కోసం అత్తగారికేసి చూశారు. ఆవిడ అటూ ఇటూ వెతికారు. కూతురు ఆఫీసులో ఉంది. మనవరాలు మైదానం నడుమ ఉంది. దగ్గర్లో ఫ్రిజ్జు లేదు. ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి ఆవిడ నా కళ్ళలోకి సూటిగా చూశారు.

"చెల్లుతుందండీ అల్లుడుగారూ! ఆడించండి!"

నేను ఒక్క క్షణం ఆటే మర్చిపోయాను. తర్వాత తేరుకుని "ఇట్ కౌంట్స్!" అని గొంతు చించుకుని అరిచాను. అంపైరు ముక్కు తుడుచుకుని ఆట మొదలుపెట్టించాడు. బంతి వచ్చింది. బుడ్డది కొట్టింది. గొప్ప దెబ్బేం కాదు, బంతి గడ్డిలో దొర్లుకుంటూ పోయింది. ఇది తండ్రి నేర్పినట్టే బ్యాట్ చేత్తో పట్టుకుని పరిగెత్తి, బేస్ మీద కాలు మోపకుండా దాన్ని నేలకి ఆనించి మరీ అవుటైంది. కాని ఆలోగా చుక్కల పిల్ల ఇంటికి చేరిపోయింది, మా జట్టు గెలిచింది. ఆ పిల్ల ఈలవేసుకుంటూ వచ్చి బుడ్డదాన్ని కావలించుకుంటే ఇద్దరూ కలిసి గడ్డిలో పడ్డారు. అవుటయ్యానన్న సంగతి మా బుడ్డదానికి ఆ రోజు సాయంత్రందాకా తెలియనే లేదు. ఇంటికొచ్చాక అత్తగారు మామూలు మనిషైపోయారు. "అల్లుడుగార్ని ఇంకో గరిటె పప్పు వేసుకోమనాలి" అని ఫ్రిజ్జుకి చెప్పారు. వేసుకున్నాను.

జూలైలో ఎప్పట్లాగే లీజు అయిపోయింది. మళ్ళీ పెట్టెలు కట్టాం. ఈసారి బుడ్డది "ఫ్రెండ్స్ అవుతారా?" అని అడగలేదు, దిగులుగా తలూపలేదు కూడా. చుక్కల పిల్ల వాళ్ళింటి ఫోన్ నంబరు చేతిమీద రాసుకుని కారెక్కింది. ఆ పిల్లతో దాని కబుర్లు ఇవాళ్టికీ ఆగలేదు. అత్తగారు ఊరెళ్ళి మిరియాల సంగతి మాత్రం దాచి మిగతా కథంతా బంధువులకి చెప్పుకున్నారు. నేను ఇంకా కొన్ని ఊళ్ళు తిరిగి, చివరికి ఓ చిన్న ఊళ్ళో జీపీగా, అంటే ఊరి డాక్టరుగా, స్థిరపడ్డాను. నైట్ డ్యూటీలు లేవు. విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు మెత్తటి మంచం మీద పడుకున్నా నిద్ర పట్టదు.

మొన్న వసంతంలో బుడ్డది (ఇప్పుడు వాళ్ళమ్మకన్నా పొడుగు) చుక్కల పిల్ల తమ్ముడి ఆట చూడాలంటే బాలింకాలిగ్ తీసుకెళ్ళాను. అదే మైదానం, అదే గట్టు. కోచ్ గడ్డంలో ఎరుపు తగ్గి తెలుపు వచ్చింది. చుక్కల పిల్ల తమ్ముడు తప్ప పిల్లలందరూ కొత్తవాళ్ళు. మేమెవరమో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. నేను గట్టుమీద అత్తగారు నించునే చోట నించుని, ఎర్రబడ్డ కళ్ళతో నిలబడి నిద్రపోయిన ఆ కుర్ర డాక్టర్ని తలుచుకుని నవ్వుకుంటున్నాను. పాపం వాడు, ఎక్కడా నిలవని వాడు, తను ఏ ఊరికీ ఏమీ కానని అనుకునేవాడు. అంతలో గడ్డి పువ్వుల ఘాటు ముక్కుకి తగిలింది. ఆపుకోలేక తుమ్మాను.

ఆట ఆగిపోయింది. బంతి విసరబోతున్న పిల్లవాడు ఎత్తిన చెయ్యి దించేశాడు. పరిగెత్తబోతున్న పిల్ల ఆగింది. అందరూ వెనక్కి తిరిగి, ఎవరో తెలియని నాకేసి ఓపిగ్గా చూస్తూ నించున్నారు. ఎందుకు ఆగారని దగ్గర్లో ఉన్న ఓ బుడతణ్ణి అడిగాను. వాడు నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసి "యూ జస్ట్ హావ్ టు, లైక్" అన్నాడు. కోచ్ దూరం నుంచి నన్ను చూసి గడ్డంలో నవ్వుకుంటూ, "టేక్ యువర్ టైమ్, డాక్టర్" అన్నాడు. పక్కనుంచి బుడ్డది నా చెయ్యి గిల్లి, ఎన్నాళ్ళకో తెలుగులో, "ఆగు నాన్నా, ఇంకోటి రావాలి" అంది.

ముక్కు నలుపుకున్నాను. ఆకాశం కేసి చూశాను. రెండోది రాలేదు. నాకూ తొందరేం లేదు.